ఇటుకకీ ఇటుకకీ మధ్య: డంగు సున్నం నుంచి నానో దాకా

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు అడగని ప్రశ్న ఉండదు. వాస్తు, కార్పెట్ ఏరియా, కార్ పార్కింగ్, బోరులో నీళ్ళు, బ్యాంకు లోను.. అన్నీ అడుగుతాం. ఇటుకకీ ఇటుకకీ మధ్య ఏం పెట్టారు అని మాత్రం ఎవరం అడగం. సిమెంటూ ఇసకా కాకపోతే ఇంకేముంటుంది అని మన ధీమా. నిజానికి ఆ అరంగుళం సందులో రెండు వేల ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో తాజా అధ్యాయం పేరు నానో.

"నానో" అనే మాట తగిలించగానే ప్రతిదీ గొప్పదైపోయే రోజులివి. రంగుల డబ్బా మీద నానో, వాటర్‌ప్రూఫింగ్ డబ్బా మీద నానో. మాలులో (మేస్త్రీలు ఇసకా సిమెంటూ కలిపిన ముద్దని మాలు అంటారు, నేనూ ఆ మాటే వాడతాను) నానో పదార్థాలు కలిపితే గోడ గట్టిపడుతుంది, పర్యావరణానికి మేలు జరుగుతుంది అని చాలాచోట్ల చదువుతుంటాం. మొదటి సగం నిజమే. రెండో సగం నిజం కావాలంటే మాత్రం కొన్ని షరతులున్నాయి. అవేమిటో తెలియాలంటే కథ మొదట్నుంచి చెప్పుకోవాలి. నేను సివిల్ ఇంజనీర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. అందుకే మన భాషలోనే చెప్పుకుందాం.

సున్నం చేసే గుండ్రటి ప్రయాణం

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే బుసలు కొడుతూ సలసలా కాగి తడిసున్నం అవుతుంది. దాన్ని ఇసకతో కలిపి గోడలో పెడితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ మళ్ళీ రాయి అవుతుంది. రాయి నుంచి సున్నం, సున్నం నుంచి రాయి. పోయిన గ్యాసే తిరిగి వస్తుంది. కట్టెలు కాల్చినప్పుడు వచ్చిన పొగ మాత్రం తిరిగి రాదనుకోండి, అది వేరే లెక్క.

ఇందులో ఒకే ఒక్క చిక్కుంది. గాలి లోపలికి వెళ్తేనే రాయి అవుతుంది. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది నెలలూ ఏళ్ళూ మెత్తగానే ఉంటుంది. నీళ్ళ అడుగున అయితే అసలు గట్టిపడదు. ఆనకట్టలూ రేవులూ ఎలా కట్టాలి మరి?

మన పెద్దలు "డంగు సున్నంతో కట్టిన ఇల్లు" అని గొప్పగా చెప్పుకునేవారు కదా, ఆ సున్నం తయారీలో సగం రహస్యం గానుగలో ఉంది. గుండ్రంగా తవ్విన కాలువలో సున్నం, ఇసక పోసి, ఎడ్లు రాతి చక్రాన్ని తిప్పుతుంటే గంటల తరబడి నలిగేది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, ఒక్కోచోట కోడిగుడ్డు సొన కలిపేవారు. ఇవన్నీ వట్టి నమ్మకాలు కావు. చక్కెర ఉన్న నీళ్ళలో సున్నం ఎక్కువ కరుగుతుంది, మాలు పని చెయ్యడానికి వీలుగా ఉంటుంది. ఇక నూరడం ఎందుకంటే, ఎంత మెత్తగా నూరితే అంత బాగా కలుస్తుంది, అంత త్వరగా పని చేస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. నానో దాకా వెళ్ళాక మళ్ళీ ఇదే వస్తుంది.

బూడిదా, ఇటుక పొడీ

నీళ్ళలో గట్టిపడే మాలు రహస్యాన్ని పెద్ద ఎత్తున వాడుకున్నవాళ్ళు రోమన్లు. నేపుల్స్ దగ్గర పొజువోలి అనే ఊరి చుట్టుపక్కల అగ్నిపర్వతపు బూడిద దొరుకుతుంది. దాన్ని సున్నంలో కలిపితే గాలితో పని లేకుండా, నీళ్ళ అడుగున కూడా గట్టిపడుతుందని క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో విట్రూవియస్ రాసిపెట్టాడు. ఆ ఊరి పేరు మీదే ఇలాంటి పదార్థాలన్నిటినీ పొజొలానా అంటున్నాం. మన సిమెంటు బస్తా మీద పీపీసీ అని ఉంటుందే, అందులో మధ్య పీ ఇదే! రోములోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వ్యాసంతో, లోపల ఒక్క ఇనుప చువ్వ లేకుండా, 2వ శతాబ్దం నుంచి అలాగే నిలబడి ఉంది.

లోపల జరిగేది ఇదీ. ఆ బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. అవి ఇసకలో ఉన్నట్టు చక్కగా పేర్చిన స్ఫటికాల్లా ఉండవు. వేడికి కరిగి హఠాత్తుగా చల్లారడం వల్ల చిందరవందరగా ఉంటాయి. అలాంటి సిలికా సున్నాన్ని పట్టుకుని నీళ్ళ సమక్షంలో ఒక జిగురు తయారుచేస్తుంది. గట్టిదనమంతా ఆ జిగురుదే.

అగ్నిపర్వతం లేని దేశాలు ఏం చెయ్యాలి? మట్టిని కాల్చినా ఇలాంటి గుణమే వస్తుంది. అదే మన సుర్కీ, అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి. ఎర్రగా ఉంటుంది కాబట్టి పారసీ మాట "సుర్ఖ్" నుంచి ఆ పేరొచ్చింది. 1887-1895 మధ్య కట్టిన ముళ్ళపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్కీ మాలుతో కట్టిందే. 1911లో పని మొదలైన కృష్ణరాజసాగర్‌లోనూ సుర్కీ మాలే.

ఇక్కడ ఒక జాగ్రత్త. "మన పూర్వీకులకి నానో టెక్నాలజీ అప్పుడే తెలుసు" అనే ఫార్వర్డు మీకూ వచ్చే ఉంటుంది. వాళ్ళకి నానో తెలీదు. ఏం చేస్తే ఏమవుతుందో తెలుసు, ఎందుకవుతుందో తెలీదు. అందులో తక్కువతనం ఏమీ లేదు, లేనిది అంటగట్టక్కర్లేదు. ఇంకోటి, మనం చూస్తున్నవి నిలిచిన కట్టడాలు మాత్రమే. కూలిపోయినవి లెక్కలోకి రావు. క్రాష్ అయిన సర్వర్ లాగులు చూడకుండా అప్‌టైమ్ లెక్కేసినట్టుంటుంది అది.

తొందర వచ్చింది

1756లో ఇంగ్లాండులో జాన్ స్మీటన్ అనే ఇంజనీరుకి సముద్రం మధ్య ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టే పని పడింది. అలలు కొడుతుంటే గట్టిపడే మాలు కావాలి. రకరకాల సున్నపురాళ్ళు కాల్చి చూసి, బంకమట్టి కలిసి ఉన్న సున్నపురాయి నుంచి వచ్చిన సున్నం నీళ్ళలో గట్టిపడుతుందని కనిపెట్టాడు. ఆ దారిలోనే 1824లో లీడ్స్ ఊరి తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ "పోర్ట్‌లాండ్ సిమెంటు"కి పేటెంటు తీసుకున్నాడు. తర్వాతివాళ్ళు ఇంకా వేడిగా, సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చి ఈనాటి సిమెంటు చేశారు. ఆ వేడిలో తయారయ్యే ముద్దల్నే క్లింకర్ అంటారు. మన దేశంలో 1904లో మద్రాసులో ప్రయత్నం జరిగింది, 1914లో పోర్‌బందర్‌లో ఉత్పత్తి నిలదొక్కుకుంది.

సిమెంటు సున్నాన్ని ఓడించింది బలంతో మాత్రమే కాదు, వేగంతో. పొద్దున పెట్టిన ఇటుక సాయంత్రానికి కదలదు, 28 రోజులకి లెక్క తేలిపోతుంది. గానుగ అక్కర్లేదు, ఎడ్లు అక్కర్లేదు, ఏ బస్తా విప్పినా ఒకటే నాణ్యత. బట్టీ బట్టీకీ మారిపోయే సున్నంతో, ఊరూరికీ మారే ఇటుక పొడితో వేగిన ఇంజనీర్లకి ఇది వరమే. సుర్కీని వదిలేసినవాళ్ళని తప్పుపట్టలేం.

కానీ ఆ వేగానికి బిల్లు ఇప్పుడొస్తోంది. ప్రపంచంలో ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారవుతోంది. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు నుంచే. అందులో సగం పైన బొగ్గు వల్ల కాదు, రాయిలోంచే వస్తుంది. అంటే కొలిమిని రేపు సోలార్ కరెంటుతో నడిపినా ఆ భాగం తగ్గదు. తగ్గించాలంటే సులువైన దారి క్లింకర్ తక్కువ వాడడమే.

ఇక నానో దగ్గరికి

సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు పుట్టే జిగురు (కాల్షియం సిలికేట్ హైడ్రేటు) కొన్ని నానోమీటర్ల రేణువులతో అల్లుకున్న పదార్థమని 1940ల్లో అమెరికాలో ట్రెవల్ పవర్స్ బృందం చేసిన పనితో అర్థమవడం మొదలైంది. అంటే నానో అనేది మనం బయట్నుంచి కొత్తగా తెచ్చి కలుపుతున్నది కాదు. గోడని నిలబెట్టే జిగురే నానో.

1950ల మొదట్లో నార్వేలో ఇంకో ప్రయత్నం జరిగింది. ఫెర్రోసిలికాన్ కొలిమి గొట్టాల్లోంచి తెల్లటి పొగ పోతుండేది. ఆ పొగ నిజానికి సిలికా ధూళి, ఒక్కో రేణువు మీటరులో కోటో వంతు. దాన్ని కాంక్రీటులో కలిపి చూస్తే బాగా పనిచేసింది. 1970ల్లో గాలి కాలుష్యం చట్టాలు బిగిశాక ఆ పొగని పట్టి తీరాల్సి వచ్చింది, దాంతో సరుకు పోగుపడింది, వాడకం పెరిగింది. పారేసే బూడిదే ఖరీదైన సరుకు అయింది.

సైజు తగ్గితే ఎందుకంత తేడా? ఒక సెంటీమీటరు పాచిక తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల పాచికలుగా తరిగితే, బరువు అంతే, మొత్తం ఉపరితలం మాత్రం 600 చదరపు మీటర్లు. అంటే సుమారు 6,450 చదరపు అడుగులు, మూడు నాలుగు పెద్ద ఫ్లాట్లంత! రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే. మామూలు సిమెంటు కిలోకి ఉపరితలం 300 చదరపు మీటర్ల పైచిలుకు ఉంటే, నార్వే ధూళికి 20,000 దాకా, నానో సిలికాకి 2 లక్షల దాకా ఉంటుంది. గానుగ ఎద్దులు చేసిన పనికి ఇది కొనసాగింపే, కాకపోతే ఎడ్ల వల్ల అయ్యే పని కాదు.

నానో సిలికా మాలులో మూడు పనులు చేస్తుంది. ఒకటి, సిమెంటు రేణువుల మధ్య సందుల్లో దూరి ఖాళీలు పూడుస్తుంది. రెండు, పెరుగుకి తోడు వేసినట్టు జిగురు పుట్టడానికి తోడుగా పనికొస్తుంది, జిగురు త్వరగా, అన్నిచోట్లా పేరుకుంటుంది. మూడు, సిమెంటు చర్యలో మిగిలిపోయే సున్నాన్ని తిని ఇంకొంత జిగురు చేస్తుంది. మూడోది అచ్చం పొజువోలి బూడిద చేసే పనే. 2000ల మొదటి సంవత్సరాల నుంచి చైనా, కొరియా, యూరప్ ప్రయోగశాలల్లో సిమెంటు బరువులో కొద్ది శాతం నానో సిలికా కలిపి మాలు బలం పెరగడం చూపించారు.

మిగతా నానోలు కూడా ఉన్నాయి. టైటానియం డయాక్సైడ్ కలిపిన సిమెంటు ఎండ తగిలినప్పుడు మురికిని విరగ్గొడుతుంది. దానికి మూలం 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రచురించిన పని. 2003లో రోములో తెరిచిన జూబిలీ చర్చి తెల్లటి తెరచాపల్లాంటి గోడల్లో అలాంటి సిమెంటే వాడారు. పొజొలానా పుట్టిన దేశంలోనే అన్నమాట. ఇక కార్బన్ నానోట్యూబులు పగుళ్ళని పట్టి ఉంచుతాయంటారు, కానీ అవి ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. విడదీసి మాలంతా సమంగా పరచడం పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పి నానో సిలికాకీ ఉంది. పైగా అది నీళ్ళు తాగేస్తుంది, మాలు బిరుసెక్కుతుంది, దాన్ని సరిచెయ్యడానికి ఇంకో రసాయనం కలపాలి. పొడి రూపంలో ఉంటే పీల్చేవాడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ప్రయోగశాలలో మాస్కులుంటాయి. మన సైట్లలో తట్టలు మోసేవాళ్ళకి ఎవరిస్తారు? నీళ్ళలో కలిపిన ద్రవంగానే అమ్మాలన్న మాట అందుకే.

అసలు ప్రశ్న

ఇక్కడే నాకు పేచీ ఉంది. గోడ మాలుకి కొరవడింది బలమా?

ఒకటికి ఆరు పాళ్ళ మాలు (1 సిమెంటు, 6 ఇసక) 28 రోజులకి ఇవ్వాల్సిన బలం సుమారు 3 మెగాపాస్కల్స్. దానికోసం మనం వాడేది చాలాసార్లు 53 గ్రేడు సిమెంటు, అంటే 53 మెగాపాస్కల్స్ పరీక్ష పాసైన సరుకు. కాలిక్యులేటర్ యాప్‌ని సూపర్ కంప్యూటర్ మీద నడిపినట్టు! పైగా మాలు ఇటుక కన్నా కాస్త మెత్తగా ఉండడమే మేలు. గోడ కదిలితే సందులో సన్నటి పగులొస్తుంది, పూడ్చుకోవచ్చు. మాలు ఇటుక కన్నా గట్టిదైతే ఇటుకే పగులుతుంది. అందుకని మామూలు మాలులో నానో కలిపి "బలం ఇంత శాతం పెరిగింది" అంటే, ఇంటి గోడకి దానివల్ల ఒరిగేది తక్కువ. నానో పదార్థం తయారీకీ కరెంటు ఖర్చవుతుంది, ఉన్న సిమెంటుకి అదనంగా కలిపితే కార్బన్ లెక్క పెరుగుతుందే తప్ప తగ్గదు.

దాని అసలు ఉపయోగం వేరే ఉంది. రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చగా మిగిలే బూడిద కూడా పొజొలానాయే. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా అది కలపొచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. ఇంకా ఎక్కువ కలపొచ్చు కదా అంటే, బూడిద బద్ధకస్తురాలు. నెలల మీద మంచి బలం ఇస్తుంది కానీ మొదటి వారం ఏమీ పట్టనట్టుంటుంది. బిల్డరు ఒప్పుకోడు. ఈ మొదటి వారాన్ని గట్టెక్కించగలిగేది నానో సిలికా. చిటికెడు కలిపితే తొలి రోజుల బలం అందుతుంది, తర్వాత బూడిద అందుకుంటుంది. అలా క్లింకర్ తగ్గితేనే "పర్యావరణహితం" అన్న మాటకి అర్థం. బలం కోసం కాకుండా, మనం వదులుకోలేని తొందర కోసం నానో వాడాలి.

సుర్కీ కూడా తిరిగొచ్చింది, మారుపేరుతో. కాల్చిన బంకమట్టి 30 శాతం, కాల్చని సున్నపురాయి పొడి 15 శాతం కలిపి క్లింకర్‌ని సగానికి తగ్గించిన సిమెంటుని ఎల్‌సీ3 అంటారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్, క్యూబా పరిశోధకులతో పాటు ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ కూడా దీనిమీద పనిచేశాయి. కార్బన్ 30-40 శాతం తగ్గుతుంది, మట్టిని 700-850 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. 2023లో దీనికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. 

ఇంకోటి మన పొలాల్లోనే ఉంది. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 4 కిలోల బూడిద. ఆ బూడిదలో 85-95 శాతం సిలికా. అదుపులో పెట్టి, 700 డిగ్రీలు దాటకుండా కాలిస్తే చిందరవందర సిలికా వస్తుంది, సున్నంతో చక్కగా పనిచేస్తుంది. అమెరికాలో బర్క్‌లీలో పి.కె. మెహతా 1970ల్లోనే దీనిమీద పనిచేశారు. మిల్లు బాయిలరులో ఇష్టమొచ్చినట్టు కాలిస్తే మాత్రం అది స్ఫటికంగా మారిపోయి, నల్లటి మసితో గుట్టలుగా మిగులుతుంది. గోదావరి జిల్లాల్లో, మిర్యాలగూడలో మిల్లుల వెనక కనిపించే నల్లటి గుట్టలు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. నానో సిలికా తయారీకి కూడా ఇదే ముడిసరుకుగా పనికొస్తుందని పరిశోధనలున్నాయి.

పాత గోడల మాటేమిటి

నానో తప్పకుండా పనికొచ్చే చోటు ఇంకొకటుంది, మరమ్మతు. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూయడం అంటే పాత సిస్టమ్ మీద పొసగని ప్యాచ్ వెయ్యడమే. సున్నం గోడ చెమ్మని పీల్చుకుని వదిలేస్తుంది. పైన సిమెంటు గిలాబు వేస్తే చెమ్మ బయటికి రాదు, లోపలే ఉండి ఉప్పుని పోగుచేసి రాయినీ ఇటుకనీ తినేస్తుంది. పైకి నున్నగా ఉంటుంది, లోపల పిండి అవుతుంది. హైదరాబాదు కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేసిన పనిలో ముఖ్యమైన భాగం, 20వ శతాబ్దంలో వేసిన సిమెంటుని తొలగించి సున్నం మాలు మళ్ళీ వేయడమే. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడి పడినప్పుడు కూడా సిమెంటు పూసి చేతులు దులుపుకుంటే 1591 నాటి కట్టడానికి అది మందు కాదు, విషం.

ఇటలీలో ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి చోట్లకి నానో సున్నం తయారుచేశారు. 2001 ప్రాంతంలో ఆ పరిశోధన వెలువడింది. సున్నాన్ని నానో రేణువులుగా చేసి ఆల్కహాలులో కలుపుతారు. పొడిగా రాలిపోతున్న కుడ్యచిత్రం మీద పూస్తే సన్నటి సందుల్లోకి ఇంకుతుంది, ఆల్కహాలు ఆరిపోతుంది, సున్నం గాలి పీల్చుకుని రాయి అవుతుంది. గోడలో ఉన్న పదార్థమే గోడలోకి వెళ్ళింది, పరాయిది ఏదీ చేరలేదు. మొదట చెప్పుకున్న గుండ్రటి ప్రయాణమే, వందల రెట్లు చిన్న సైజులో. ఇదీ అన్నిటికీ మందు కాదు. పైపైన కొద్ది లోతుకే పనిచేస్తుంది, ఖరీదెక్కువ. కూలుతున్న గోడని నిలబెట్టదు.

కాబట్టి బ్రోషరులో "నానో" అని కనిపిస్తే కంగారుపడకండి, మురిసిపోకండి. రెండు ప్రశ్నలు అడగండి చాలు. దానివల్ల సిమెంటు బస్తాలు ఎన్ని తగ్గాయి? తగ్గిన చోట ఏం కలిపారు, బూడిదా, కాల్చిన మట్టా, ఊక బూడిదా? సమాధానం లేకపోతే అది డబ్బా మీద రంగు మాత్రమే. ఊళ్ళో తాతల నాటి డంగు సున్నం ఇల్లు ఉంటే, ఈ ఎండాకాలం మరమ్మతు పెట్టుకునే ముందు, సిమెంటు గిలాబు కొడతానన్న మేస్త్రీని కాస్త ఆపండి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఆ చుట్టుపక్కల ఎవరైనా మిగిలున్నారేమో వెతకండి.